గోడ మీది పిడుదు

(కుక్కలను పెంచుకునేవారి సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినిపిస్తోందా? సరే.

ముందు ఈ సీసా చూడండి. మూత గట్టిగా బిగించాను, లోపల స్పిరిట్ ఉంది, భయపడనక్కర లేదు. అడుగున గసగసాల్లాంటి గోధుమ రంగు గింజలు కనిపిస్తాయి. అవి పిడుదు గుడ్లు. అన్నీ ఒకే తల్లివి. ఒక కుక్క చెవి మడతలోంచి తీసినప్పుడు ఆ తల్లి బఠానీ గింజంత ఉంది. తోలు బిగిసి బూడిద రంగులో మెరుస్తోంది. అప్పుడు సీసాలో స్పిరిట్ లేదు. తరవాత చూద్దామని బల్ల మీద పెట్టి మరిచిపోయాను. నాలుగు రోజులు అది కదల్లేదు. చచ్చిందనుకున్నాను. ఐదో రోజు పొద్దున చూస్తే దాని తల ముందు చిన్న గుడ్ల పోగు! ఒక్కొక్క గుడ్డునూ తల దగ్గరున్న ఒక అవయవంతో మైనం పూసి మరీ పేరుస్తుంది, ఆరిపోకుండా. రోజురోజుకీ పోగు పెరిగింది, తల్లి ముడుచుకుపోయింది. రెండు వారాలు దాటేసరికి తల్లి ఎండుద్రాక్షలా మిగిలింది. గుడ్ల పోగు దానికంటే పెద్దదిగా కనిపించింది. నేను లెక్కపెట్టలేదు, అంత ఓపిక లేదు. బాగా రక్తం తాగిన ఆడది నాలుగు వేల దాకా పెట్టగలదు.

సీసా అటు చివరి నుంచి ఒకరి తరవాత ఒకరు చూసి ఇటు పంపండి. నేను మాట్లాడుతుంటాను.

నా బల్ల మీద జరిగినది మీ ఇంట్లో ఎక్కడ జరుగుతుంది? ఇవాళ నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న గురించే.

మన భాషలో పేను మీద ఉన్నన్ని సామెతలు పిడుదు మీద లేవు. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పేను బతుకు మనకు అంత పరిచయం. జుట్టులో పుడుతుంది, జుట్టుకే ఈపులు అంటిస్తుంది, జుట్టులోనే పోతుంది. తల నుంచి కిందపడితే ఒకటి రెండు రోజులకు మించి బతకదు. అందుకని తల శుభ్రం చేసుకుంటే పేల బాధ దాదాపు తీరినట్టే. కుక్క మీద పిడుదు కనిపించగానే మనం అదే లెక్క వేస్తాం. స్నానం చేయిస్తాం, దువ్వుతాం, పొడి చల్లుతాం, దొరికినవన్నీ ఏరేస్తాం. కుక్క శుభ్రంగా ఉంది కదా అని చేతులు కడుక్కుంటాం. పది రోజులకు మళ్లీ అవే. ‘డాక్టరు గారూ, మీరిచ్చిన మందు నకిలీదేమో’ అంటారు.

పిడుదు కీటకం కూడా కాదు. సాలీడుకూ తేలుకూ చుట్టం. దాని సంసారం వేరు. గుడ్డులోంచి వచ్చే లార్వాకు ఆరే కాళ్లుంటాయి, చుక్కంత ఉంటుంది. కుక్క దొరికితే ఎక్కి 3 నుంచి 7 రోజులు రక్తం తాగి దిగిపోతుంది. దిగి ఏ సందులోనో దూరి కుబుసం విడుస్తుంది. ఇప్పుడు ఎనిమిది కాళ్లు. ఈ దశను నింఫ్ అంటారు. అది మళ్లీ కుక్కనెక్కి 5 నుంచి 10 రోజులు తాగి, మళ్లీ దిగి, మళ్లీ కుబుసం విడుస్తుంది. మూడోసారి ఎక్కేది ఎదిగిన పిడుదు. ఆడదైతే 5 నుంచి 21 రోజులు తాగి, దిగి, గుడ్లు పెట్టి చస్తుంది. మీరే కూడండి. జన్మ మొత్తంలో కుక్క ఒంటి మీద ఆడ పిడుదు ఉండేది 13 రోజుల నుంచి 38 రోజులు. అంతా వేగంగా నడిస్తే దాని జీవితం రెండు నెలలకు పైన. కుక్క దొరకక కాచుకుని కూర్చోవాల్సి వస్తే ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు. తక్కిన కాలమంతా ఎక్కడుంది? మీ ఇంట్లో.

పిడుదులన్నీ ఇలా ఇంట్లో కాపురం పెట్టవు. గడ్డిలో, పొదల్లో ఉండే జాతులు చాలా వరకు ఇంటి లోపలి పొడిగాలికి తట్టుకోలేవు. నేను చెబుతున్నది గోధుమ రంగు కుక్క పిడుదు గురించి, రిపిసెఫాలస్ సాంగ్వినియస్. ప్రపంచంలో ఇంతగా వ్యాపించిన పిడుదు మరొకటి లేదు. గుమ్మం దాటకుండా తరతరాలు మీ ఇంట్లోనే వర్ధిల్లగలదు. ‘మా కుక్క బయటికే వెళ్లదండీ, ఎక్కడి నుంచి వచ్చాయి?’ అని అడుగుతారు. ఎప్పుడో ఒక్కసారి ఒక్కటి వచ్చి ఉంటుంది. ఆ తరవాత అవి రానక్కర లేదు, ఉంటే చాలు.

ఇంకొక గుణం చెబితే మీలో చాలామంది తల ఊపుతారు. కడుపు నిండి దిగిన పిడుదు పైకి పాకుతుంది. మనం నేల తుడుస్తుంటాం, అది గోడెక్కుతుంది. తలుపు చట్రానికీ గోడకూ మధ్య సందు, కర్టెన్ కుట్టు మడత, పటం వెనక, గోడా పైకప్పూ కలిసే మూల దానికి ప్రసూతి గదులు. నిరుడు నా ఇంట్లోనే జరిగింది. పశువైద్యుడి ఇంట్లో పిడుదులేమిటని నవ్వకండి, వైద్యుడికి జ్వరం రాదా?

(నవ్వులు)

మా కుక్క మీద పిడుదులు చూశాను. మందు వేశాను. ఆరు వారాలకు ఒక్కటీ కనిపించలేదు. తరవాతి మోతాదు సమయానికి ‘తగ్గిపోయాయి కదా’ అనుకున్నాను. ఎదుటివాళ్లకు రోజూ వద్దని చెప్పే మాటే నేను అనుకున్నాను. రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం గోడ గడియారం ఆగిపోతే బ్యాటరీ మార్చడానికి దించాను. దాని వెనక గోడ మీద ఇసుక రేణువుల్లాంటి చుక్కలు, కదులుతున్నాయి. లార్వాలు. గడియారం చుట్టుకొలత అంత మేరా గోడ జీవం పోసుకున్నట్టు పాకుతోంది. కుక్క సరిగ్గా ఆ గడియారం కిందే పడుకునేది. నేను ప్రతిరోజూ ఆ గడియారం చూసి టైము తెలుసుకునేవాణ్ణి.

అందుకని మందు మాట క్యాలెండరుతో మొదలుపెడతాను. పిడుదు కనిపించడం ఆగిన రోజు మందు ఆపే రోజు కాదు. తిండి లేని లార్వాలూ నింఫ్‌లూ సందుల్లో నెలల తరబడి కాచుకుంటాయి, ఎదిగినవి ఇంకా ఎక్కువ. ఇంట్లో ఒకసారి గుడ్లు పడ్డాయని తెలిస్తే ఏడాది పొడవునా మందు గడువు తప్పకూడదు. ఏడాదా అని ముఖం మాడ్చకండి. మధ్యలో ఒక్క నెల వదిలేస్తే సీసాలోని తల్లికి మరో అవకాశం ఇచ్చినట్టే.

ఇక్కడ వినడానికి విడ్డూరంగా ఉండే మాట ఒకటుంది. ఇంట్లో పిడుదులు పడితే చాలామంది కుక్కను వేరేచోట కట్టేస్తారు, బంధువుల ఇంటికి పంపుతారు. నేను వద్దంటాను. మందు పనిచేస్తున్న కుక్కను ఇంట్లోనే తిరగనివ్వండి. సందుల్లో కాచుకున్న పిడుదు కుక్క ఊపిరి గాలినీ ఒంటి వేడినీ వాసననూ తన ముందుకాళ్ల చివరనున్న అవయవంతో పసిగట్టి బయటికి వస్తుంది. ఎగరలేదు, గెంతలేదు, నడిచే వస్తుంది. వచ్చి మందున్న ఒంటిని పట్టుకుంటే దాని కథ ముగిసింది. మీ చీపురు దూరలేని సందులోంచి పిడుదును బయటికి రప్పించగలిగేది మీ కుక్కే. దాన్ని దూరంగా పంపితే పిడుదులు చావవు, ఉపవాసంతో ఎదురుచూస్తాయి. కుక్క లేక మరీ ఆకలైతే మనుషులను కూడా అప్పుడప్పుడు కుడతాయి.

మందులు ఏమిటంటే, మెడ మీద చుక్కలుగా వేసేవి, మెడపట్టీలు, నమిలి తినే మాత్రలు. ఫలానాది కొనమని నేను చెప్పను. కుక్క బరువు, వయసు, ఆరోగ్యం చూసి మీ వైద్యుడు చెప్పాలి. కానీ ఒక్కొక్కదాని స్వభావం తెలుసుకోండి. చుక్కల మందు బొచ్చు మీద పడితే వృథా. బొచ్చు విడదీసి చర్మం మీద వేయాలి. దానికి ముందూ వెనకా రెండు రోజులు స్నానం వద్దు. చర్మం మీది నూనెలో కలిసి ఒళ్లంతా పాకాల్సిన మందును మీరే సబ్బుతో కడిగేస్తారు. మెడపట్టీ వదులుగా వేలాడితే అది నగ మాత్రమే. చర్మాన్ని తాకాలి, రెండు వేళ్లు దూరేంత సందు ఉంటే చాలు. మాత్రల సంగతి వేరు. మందు రక్తంలో ఉంటుంది కాబట్టి పిడుదు కుట్టాకే చస్తుంది. ‘మాత్ర వేశాక కూడా పిడుదు కనిపించింది’ అంటే మందు పనిచేయలేదని కాదు. అది బతికి ఉందా, ఎండిపోయిందా చూడండి. ఫ్లూరలానర్, అఫోక్సొలానర్ వంటి ఈ తరగతి మాత్రలతో కొన్ని కుక్కలకు వణుకు, మూర్ఛ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. ఎక్కువ కుక్కలకు ఇబ్బంది ఉండదు. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పండి. చాలామంది అడిగేదాకా చెప్పరు.

ఇక ఇల్లు. కుక్క పక్కబట్టలను 60 డిగ్రీల వేడినీటిలో ఉతికి బాగా వేడిగా ఆరబెట్టండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాని సన్నని మూతిని చట్రాల వెంట, సోఫా కుట్ల వెంట, మంచం కోళ్ల కీళ్లలో తిప్పండి. అయ్యాక ఆ సంచిని వెంటనే కట్టి పారేయండి. లేకపోతే పిడుదులకు కొత్త ఇల్లు కట్టించినట్టే. గోడ పగుళ్లు పూడ్చండి. ఇది ఎవరూ చేయరు, ఎక్కువ ఫలితం దీనిదే. పిడుదులు విపరీతంగా ఉంటే ఇంటి లోపల వాడదగిన మందును తెలిసినవారి చేత కొట్టించండి. గుడ్ల మీద అది అంతగా పనిచేయదు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టించాలి. మందు పూర్తిగా ఆరేదాకా పిల్లలనూ జంతువులనూ లోపలికి రానివ్వకండి.

సీసా ఎంతదాకా వచ్చింది? మధ్య వరుస. మంచిది.

ఇప్పుడు కుక్క ఒంటి మీద పిడుదు కనిపించింది. ఏం చేస్తారు? చెవి లోపలి మడత, చెవి వెనక, మెడపట్టీ కింద, చంకలు, తొడ సందు, తోక మొదలు, కాలివేళ్ల మధ్య వెతకండి. కళ్లతో కంటే వేళ్లతో బాగా దొరుకుతాయి. బొచ్చుకు ఎదురు రాస్తూ వెళ్తే గింజ తగులుతుంది. తగిలిన ప్రతిదీ పిడుదు కాదు సుమా! ఒకాయన మగకుక్కను తీసుకొచ్చి ‘పొట్ట మీద పిడుదు ఎంత లాగినా ఊడటం లేదు’ అన్నారు. చూస్తే చనుమొన. మగకుక్కకు కూడా ఉంటాయని ఆయనకు తట్టలేదు. పాపం ఆ కుక్క నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. బొచ్చు విడదీసి చూడండి. చర్మం దగ్గర కాళ్లు కనిపిస్తే పిడుదు.

సన్నని మొన ఉన్న పట్టకారుతో, ఉబ్బిన పొట్టను వదిలేసి, చర్మానికి ఆనించి నోటి దగ్గర పట్టుకోండి. నిలువుగా, నిదానంగా, ఒకే బలంతో లాగండి. పిడుదు నోట్లో వెనక్కి తిరిగిన ముళ్లున్న కాడ ఉంటుంది, దాని చుట్టూ లాలాజలంతో సిమెంటు లాంటి పదార్థం పోసుకుని ఉంటుంది. అందుకే ఒక్క కుదుపుకు రాదు. నిదానంగా లాగుతుంటే చర్మం చిన్న గుడారంలా లేస్తుంది, ఒక క్షణం ఆగినట్టుంటుంది, ఆపైన వదులుతుంది. ముక్క లోపల ఉండిపోతే సూదితో తవ్వకండి. ముల్లును తోసినట్టు చర్మమే కొన్నాళ్లకు బయటికి తోసేస్తుంది. గాయానికి యాంటీసెప్టిక్ రాయండి, చేతులు కడుక్కోండి. తీసినదాన్ని గోటితో నలపకండి, ఆ రక్తంలో రోగక్రిములు ఉండవచ్చు. నీళ్లలో పడేస్తే అంత తేలిగ్గా చావదు. స్పిరిట్‌లో వేయండి, లేకపోతే టేపు మడతలో అంటించి పారేయండి.

అగ్గిపుల్ల, కిరోసిను, నూనె, నెయిల్ పాలిష్ మాట ఎత్తకండి. పిడుదు ఊపిరి పీల్చే తీరు చాలా నిదానం, నూనె పూసి ఊపిరాడకుండా చేద్దామనుకుంటే గంటల తరబడి అక్కడే ఉంటుంది. కాలిస్తే, చిరాకు పెడితే కడుపులోది కుక్క రక్తంలోకి కక్కే ప్రమాదం. పంటల మీద కొట్టే పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు స్నానం చేయించేవారికి ఒక్క మాట. చొంగ కారడం, వణుకు, కంటిపాప సూదిమొనంత అయిపోవడం చూస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తండి. అన్నీ బతకవు.

రోగాల గురించి ఎక్కువ భయపెట్టను, కానీ చెప్పకుండా వెళ్లలేను. పిడుదులు రోగాలు మోస్తాయని పశువుల్లోనే ముందు తేలింది. అమెరికా శాస్త్రవేత్త థియోబాల్డ్ స్మిత్, ఆయన సహచరుడు కిల్‌బోర్న్ 1893లో పశువుల జ్వరానికి పిడుదే వాహకమని నిరూపించారు. దోమలు మలేరియాను మోస్తాయని తేలింది ఆ తరవాతే. కుక్కల్లో పిడుదు ద్వారా సోకే ఎర్లీకియా అనే క్రిమిని 1935లో అల్జీరియాలో గుర్తించారు. అయినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1960ల చివర వియత్నాం యుద్ధంలో అమెరికా సైనిక కుక్కలు ముక్కుల నుంచి రక్తం కారి వందకు పైగా చనిపోయాకే లోకం దాని వైపు తిరిగి చూసింది. బబీసియా అనేది మరొకటి, ఎర్ర రక్తకణాల్లో దూరి వాటిని పగలగొడుతుంది. మీరు గుర్తుపట్టాల్సినవి ఇవి: జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు, మూత్రం కాఫీ రంగులో రావడం. పై పెదవి ఎత్తి చిగురు ఎలా ఉందో కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఒకసారి చూసి పెట్టుకోండి. లేకపోతే పాలిపోయిందో లేదో మీకెలా తెలుస్తుంది? ఎర్లీకియా కొన్ని గంటల్లోనే సోకగలదు కాబట్టి ‘రేపు ఆదివారం తీరిగ్గా ఏరతాను’ అనకండి. ముందే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి. సాధారణంగా 28 రోజులు వాడాలి. మూడో రోజుకే కుక్క లేచి తోక ఊపుతుంది, అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. మళ్లీ నా గడియారం కథే.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: వెల్లుల్లి పెడితే పిడుదులు రావంటారు, నిజమేనా?)

లేదమ్మా. వెల్లుల్లి, ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. బబీసియా చేసే పనిని మనమే వంటింట్లోంచి చేసినట్టవుతుంది. వేపనూనె అడగబోతున్నారు కదా? కొంత దూరంగా ఉంచవచ్చు, ఇంట్లో పడ్డ సంతతిని ఆపలేదు. కర్పూరం, కలరా ఉండలు మాత్రం కుక్క నోటికి అందనివ్వకండి, రెండూ విషమే.

(మరో శ్రోత: మా కుక్కకు ఐదు వారాల పిల్లలున్నాయి. వాటికి కూడా చుక్కల మందు వేయవచ్చా?)

వద్దు బాబూ. చాలా మందులకు ఎనిమిది వారాలు నిండాలి, పెట్టె మీద రాసి ఉంటుంది. అంతదాకా సన్నపళ్ల దువ్వెన, పట్టకారు, మీ ఓపిక. పిల్లలు చిన్నవి, ఉన్న రక్తమే కొంచెం, పదిహేను ఇరవై పిడుదులు పట్టినా పాలిపోతాయి. తల్లికి ఏ మందు వాడవచ్చో విడిగా అడగండి, పాలిచ్చే కుక్కకు అన్నీ పనికిరావు.

(ఇంకొక శ్రోత: మా ఇంట్లో పిల్లి కూడా ఉంది. కుక్క మందే దానికి సగం వేస్తే సరిపోతుందా?)

మంచిపని చేశారు, అడిగారు. వేయకండి. సగం కాదు, పావు కాదు, చుక్క కూడా వద్దు. కుక్కల చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క శరీరం దాన్ని విరిచి పారేయగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. ఒళ్లంతా వణికి, మూర్ఛలొచ్చి చనిపోవచ్చు. కుక్కకు వేశాక ఆరేదాకా పిల్లి దాన్ని నాకకుండా, ఆనుకుని పడుకోకుండా చూడాలి. పెట్టె మీద పెర్మెత్రిన్ అని ఉంటే, ఇంట్లో పిల్లి ఉందని చెప్పి వేరే మందు రాయించుకోండి.

సమయం అయిందంటున్నారు. నా సీసా వెనక్కి రాలేదు. రెండో వరుసలో ఎవరి దగ్గరుంది? మూత తీయలేదు కదా?

(నవ్వులు)